అండమాన్ అడవి మళ్లీ పెరిగిందా?

అండమాన్ అనగానే మనకు వెంటనే గుర్తొచ్చేది సెల్యులర్ జైలు. చరిత్ర పుస్తకంలో దాని బొమ్మ ఉంటుంది, పక్కన కాలాపానీ అన్న మాట ఉంటుంది, పాఠం అక్కడితో అయిపోతుంది. కానీ ఆ జైలు కట్టడం 1896లో మొదలైతే, అంతకు 13 ఏళ్ల ముందే, 1883లో, అక్కడ ఇంకో పని ఒక పద్ధతి ప్రకారం మొదలైంది. అడవిలోకి వెళ్లి పెద్ద పెద్ద మానులను ఏరి నరకడం. 2002లో సుప్రీంకోర్టు ఆర్డరు వచ్చేదాకా ఆ పని ఏదో ఒక రూపంలో సాగుతూనే ఉంది. లెక్క వేస్తే 119 ఏళ్లు.

ఈ వ్యాసం ఆ 119 ఏళ్ల గురించి. నరికిన చెట్ల స్థానంలో చెట్లు మళ్లీ వచ్చాయా, వస్తే ఏవి వచ్చాయి, రాకపోతే ఎందుకు రాలేదు అన్నది నా ప్రశ్న. మా సోషల్ సార్ "రాజుల గురించి రాయి, యుద్ధాల గురించి రాయి, చెట్ల మీద చరిత్ర ఏముంటుంది" అన్నారు మొదట. తర్వాత ఆయనే అట్లాసు తెచ్చి ఇచ్చారు.

బరంపురం పిల్లలకు అండమాన్‌తో ఏం పని అని అడగొచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో ఎక్కువమంది మాట్లాడే మొదటి నాలుగు భాషల్లో తెలుగు ఒకటి. మన పక్కనే ఉన్న శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకీ కూలి పనికీ వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మా అమ్మమ్మ తమ్ముడు, అంటే మాకు చిన్నతాత, సోంపేట దగ్గరి ఊరి నుంచి 1970ల్లో అక్కడికి వెళ్లి అడవి క్యాంపుల్లో కొన్నేళ్లు పనిచేసి వచ్చారు. పుస్తకాల్లో లేని కొన్ని మాటలు ఆయన దగ్గర విన్నాను, మధ్యలో చెప్తాను.

ముందు ఆ అడవిలో ఉన్న రెండు చెట్ల పరిచయం కావాలి, లేకపోతే కథ అర్థం కాదు. అక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందుకే అడవి అంత దట్టంగా ఉంటుంది. అందులో బ్రిటిష్ వాళ్ల కన్ను ముందుగా పడింది పడాక్ మీద. దీని చేవ ఎర్రగా ఉంటుంది, పురుగు పట్టదు, నున్నగా పాలిష్ వస్తుంది. రాయలసీమ ఎర్రచందనం, మన కొండల్లో దొరికే ఏగిస, ఈ పడాక్ మూడూ ఒకే ప్రజాతికి చెందినవి, అన్నదమ్ముల బిడ్డల్లాంటివి. ఒడియా స్నేహితులు పియాసాల్ అనే చెట్టే మన ఏగిస. రెండోది గుర్జన్. ఇది అడవి కప్పు మీదకి తల పెట్టి నిలబడే ఎత్తయిన మాను. దీనికీ మనకు తెలిసిన చుట్టం ఉంది: గంజాం కొండల్లో విస్తరాకులు కుట్టుకునే సాల్ చెట్టు, తెలుగులో గుగ్గిలం చెట్టు. ఆ రెండూ ఒకే కుటుంబం.

ఈ రెండు చెట్ల కాయలకూ రెక్కలుంటాయి. పడాక్ కాయ చుట్టూ పల్చటి అంచు, అప్పడంలాగా. గుర్జన్ కాయకు రెండు పొడవాటి రెక్కలు. శాస్త్రవేత్తలు వీటికి పెట్టిన గ్రీకు పేర్లకు అర్థాలు కూడా రెక్కకాయ, రెండు రెక్కల కాయ అనే. సాల్ కాయను మీరు ఎప్పుడైనా పైకి విసిరి చూసుంటే తెలుస్తుంది, గిరగిరా తిరుగుతూ దిగుతుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ ఎక్కువ దూరం పోదు. దట్టమైన అడవిలో గాలి తక్కువ కాబట్టి చాలా కాయలు తల్లిచెట్టుకు కొన్ని పదుల మీటర్ల లోపే పడిపోతాయి. పైగా గుర్జన్, సాల్ లాంటి చెట్ల గింజలు దాచుకోవడానికి పనికిరావు. వడ్లలాగా ఏడాది తర్వాత చల్లితే మొలవవు. రాలిన కొద్ది రోజుల్లో మొలిచాయా సరే, లేదా చచ్చిపోయినట్టే. కాబట్టి ఒక చోట తల్లిచెట్లన్నిటినీ కొట్టేస్తే ఆ చోట మట్టిలో దాగి ఉన్న గింజలంటూ ఏమీ ఉండవు. అప్పటికే మొలిచి నీడలో కాచుకుని ఉన్న పిల్ల మొక్కలే దిక్కు.

ఇక ఏరి నరకడం అంటే ఏమిటి? అడవిని మొత్తం చదును చెయ్యరు. ఒక చుట్టుకొలత దాటిన, అమ్ముడుపోయే జాతి చెట్లకు మాత్రమే గుర్తు వేసి నరుకుతారు. మిగతావి వదిలేస్తారు. కొన్ని దశాబ్దాల తర్వాత మళ్లీ అక్కడికే వస్తారు, అప్పటికి చిన్నవి పెద్దవై ఉంటాయని. వినడానికి న్యాయంగానే ఉంది. దీన్ని మా బడితో పోల్చుకుంటే సులువు. పదో తరగతి వాళ్లు పాసై వెళ్లిపోతే తొమ్మిది వాళ్లు పదికి వస్తారు, ఎనిమిది వాళ్లు తొమ్మిదికి. కింద ఒకటో తరగతిలో పిల్లలు చేరుతున్నంత కాలం బడి నడుస్తుంది. అడవిలోనూ అంతే: వేల మొలకలు, వందల కర్రలు, పదుల దుంగలు, కొద్ది మహావృక్షాలు. తేడా ఏమిటంటే అక్కడ ఒక్కో తరగతి దాటడానికి ఇరవై ముప్పై ఏళ్లు పడుతుంది. ఒక చెట్టు ఏడాదికి 5 మిల్లీమీటర్ల మందం పెరుగుతుందనుకుందాం. 10 సెంటీమీటర్ల మందం ఉన్నది 60 సెంటీమీటర్లు కావాలంటే సరిగ్గా 100 ఏళ్లు. నీడలో ఉన్నదైతే ఇంకా ఆలస్యం. నరికే వాళ్లేమో అంత కాలం ఆగరు.

చరిత్రలోకి వద్దాం. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాధికారి చాథమ్ అనే చిన్న దీవి మీద మొదటి స్థావరం పెట్టాడు. అది ఎక్కువ కాలం నిలవలేదు, జబ్బులతో జనం చనిపోయి 1796లో ఎత్తేశారు. 1857 తిరుగుబాటు తర్వాత, 1858 మార్చిలో, 200 మంది ఖైదీలతో మళ్లీ వచ్చారు. ఆ ఖైదీల చేత చేయించిన మొదటి పనుల్లో ఒకటి అడవి కొట్టించడం. అప్పుడది కలప కోసం కాదు, ఉండడానికి చోటు కోసం. 1883లో అటవీ శాఖ ఏర్పడ్డాక లెక్క మారింది. అదే ఏడాది చాథమ్‌లో రంపపు మిల్లు పెట్టారు. ఆసియాలోకెల్లా పాత మిల్లుల్లో అదొకటి. పడాక్ దుంగలు అక్కడ పలకలై ఓడలెక్కి లండన్ దాకా వెళ్లాయి.

అడవిలో పని చేసినవాళ్ల చరిత్ర చదివితే ఒక దేశాన్నంతా తెచ్చి ఒక దీవిలో పడేసినట్టు ఉంటుంది. మొదట ఖైదీలు. 1918 ప్రాంతం నుంచి ఛోటానాగ్‌పూర్ ఆదివాసులు, వాళ్లను ఇప్పటికీ అక్కడ రాంచీ వాళ్లంటారు. 1925లో బర్మా నుంచి కరెన్ కుటుంబాలు, మధ్య అండమాన్‌లో వెబి అనే ఊరు వాళ్లది. దుంగలు లాగడానికి భారతదేశం నుంచి ఓడల్లో ఎక్కించి తెచ్చిన ఏనుగులు. వీళ్లెవరూ రాకముందు వేల ఏళ్లుగా ఆ అడవిలో ఉన్న గ్రేట్ అండమానీయులు, ఒంగేలు, జారవాలు, సెంటినలీయులను మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్లి చెప్పాలి. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం పోరాటానికి కారణాల్లో 1882 మద్రాసు అటవీ చట్టం ఒకటి. పోడు కొట్టుకోవద్దు, అడవిలోకి రావద్దు అన్నందుకే కొండ జనం తిరగబడ్డారు. ఆ పోరాటంలో పట్టుబడ్డ గాం మల్లుదొరను అండమాన్ జైలుకు పంపించారు. సొంత అడవిలో నాలుగు చెట్లు కొట్టుకోవడం నేరమైన మనిషి, సర్కారే అడవి కొట్టి అమ్ముకునే దీవిలో శిక్ష అనుభవించాడు. తర్వాత 1952లో ఆయన లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఈ సంగతి మన పుస్తకాల్లో ఒక్క లైనైనా ఉంటే బాగుండేది.

యాభై ఏళ్లు ఇలా ఏరి నరికాక అటవీ అధికారులకు ఒక సమస్య కనిపించింది. పడాక్ మొలకలు వర్షాలకు బోలెడు వస్తున్నాయి, కానీ పెద్దవి కావడం లేదు. నీడలో బతకలేక చచ్చిపోతున్నాయి. పెద్ద మాను పడిన చోట వెలుతురు వస్తే, పడాక్ కంటే ముందు వెదురు, తీగలు, బెత్తం అల్లుకుపోతున్నాయి. ఒకటో తరగతిలో బోలెడుమంది, మూడో తరగతిలో ఎవరూ లేరు అన్నమాట.

1930ల్లో చెంగప్ప అనే అధికారి దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. నిజంగా తెలివైన ఉపాయం. అడవి కప్పును ఒక్కసారిగా తీసెయ్యకుండా కింది నుంచి మెల్లమెల్లగా పైకెత్తుతారు. మొదట కింద ఉన్న పొదలు, వెదురు, సన్న చెట్లు కొట్టేస్తారు. కొద్దిగా వెలుతురు పడుతుంది, పడాక్ మొలకలు లేస్తాయి. కలుపు తీస్తూ ఉంటారు. తర్వాత మధ్య ఎత్తు చెట్లు తీస్తారు. మొక్కలు ఇంకాస్త లేచాక పై కప్పులోని పెద్ద మానులు తీస్తారు, అప్పటిదాకా అవే గొడుగు, అవే విత్తనం. అండమాన్ పద్ధతి అని ఈ విధానానికి పేరొచ్చింది. చెంగప్ప దీన్ని వివరంగా రాసి ప్రచురించారు కూడా. పడాక్ మొక్కలు పెరిగాయి, లెక్కలు బాగున్నాయి, అడవి కోలుకుంటోందని రిపోర్టులు వెళ్లాయి.

నా అనుమానం ఇక్కడే మొదలవుతుంది. కోలుకున్నది పడాక్ కదా, అడవి కాదు కదా! పడాక్ ఎండాకాలంలో ఆకు రాల్చే చెట్టు. దాని కోసం కింది అంతస్తు కొట్టేస్తే, ఎప్పుడూ పచ్చగా ఉండి నీడలోనే బతికే వందల జాతులు పోతాయి. పనికిరాని చెట్లు అని రాసుకున్నవాటిలో అడవి పావురాలు, పెద్ద గబ్బిలాలు తినే పళ్ల చెట్లు ఎన్నో. అండమాన్‌లో కోతులు సహజంగా లేవు, పెద్ద దీవుల్లో ధనేశ పక్షులు లేవు. కాబట్టి పెద్ద గింజలను మోసుకెళ్లి దూరంగా పడేసే పని అంతా ఆ పావురాలూ గబ్బిలాలే చెయ్యాలి. తిండి చెట్లు తగ్గితే అవి అటువైపు రావు, అవి రాకపోతే చెట్లు రావు. తోటమాలి తనకు కావలసిన పువ్వును పెంచుకున్నట్టు అడవిని మలచారు. పచ్చని అడవి కొన్ని చోట్ల ఆకు రాల్చే అడవిగా మారిపోయిందని తర్వాతి కాలంలో పర్యావరణ పరిశీలకులు చెప్పింది ఇదే. అయితే చెంగప్పను తప్పు పట్టాలని నాకు అనిపించడం లేదు. ఆయనకు ఇచ్చిన లెక్క పడాక్ లెక్క, దాన్ని ఆయన సరిగ్గానే చేశారు.

1942 మార్చిలో జపాన్ వాళ్లు వచ్చారు. చాథమ్ మిల్లులో బాంబు పడిన గుంత ఇప్పటికీ ఉంది, టూరిస్టులు చూస్తారు. స్వాతంత్ర్యం వచ్చాక మిల్లు మళ్లీ బాగుపడింది, నరకడం బాగా పెరిగింది. ముందు పడాక్ ఒక్కటే కావాలి. ఇప్పుడు ప్లైవుడ్‌కు గుర్జన్ కావాలి, అగ్గిపుల్లలకు పపీత, దీదు అనే మెత్తటి చెట్లు కావాలి. ఉత్తర అండమాన్ అడవిని కలకత్తా కంపెనీ ఒకదానికి లీజుకిచ్చారు. జనం కూడా పెరిగారు. తూర్పు బెంగాల్ శరణార్థులను 1949 నుంచి తెచ్చి భూములిచ్చారు, తమిళులూ మలయాళీలూ మనవాళ్లూ వచ్చారు. 1951లో అక్కడి జనాభా దాదాపు 31 వేలు. 2001లో 3 లక్షల 56 వేలు.

చిన్నతాత వెళ్లింది ఈ కాలంలోనే. నరకడం ఎలా ఉండేదని అడిగితే ఆయన అన్న మాట ఇది: "మాను పడ్డాదంటే అదొక్కతే పడదమ్మా. తీగలు మీదన అల్లుకుపోయుంటాయి కదా, పక్క మానుల్ని కూడా ఈడ్సుకొచ్చెస్తాది. పుస్తకంలో రాసీది ఒకటి, నేల మీద పడీది ఐదారు." ఏనుగు లాగితే సన్నటి దారి పడేదట, ట్రాక్టరు వచ్చాక దారి వెడల్పయి నేల రాయిలాగా గట్టిపడిపోయేదట. "ఆ దారిలోన మూడు వానలెల్లినా గడ్డి మొలిసీది కాదు" అన్నారు.

ఏరి నరికిన అడవుల మీద ప్రపంచంలో ఎక్కడ అధ్యయనం చేసినా ఈ రెండు విషయాలు కనిపిస్తాయి. గుర్తు వేసిన చెట్టు కంటే దానితో పడి విరిగినవి ఎక్కువ, అందులో రేపటి పెద్ద చెట్లు కావలసిన కుర్ర చెట్లే చాలా ఉంటాయి. లాగిన దారుల్లో నేల గట్టిపడితే వేరు దిగదు. అందుకే నరికే ముందే తీగలు కోయడం, చెట్టు ఏ వైపు పడాలో చూసుకుని నరకడం, దారులు ముందే గీసుకుని వాటిలోనే లాగడం అనే జాగ్రత్తలు వచ్చాయి. అడవి కోలుకుంటుందా లేదా అన్నది ఎన్ని చెట్లు నరికారన్నదాని కంటే ఒక్కోసారి ఎలా నరికారన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. చిన్నతాత లాంటి కూలీలకు ఇది కళ్లారా తెలుసు. వాళ్లనూ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఏనుగుల సంగతి. ఉత్తరాన వ్యాపారం దెబ్బతిన్నాక, 1962లో, ఇంటర్‌వ్యూ ఐలాండ్ అనే దీవిలో సుమారు 40 ఏనుగులను అలాగే వదిలేశారు. మేపే వాళ్లు లేరు, తీసుకెళ్లే ఓడ లేదు. అవి అడవి ఏనుగులైపోయాయి, పిల్లల్ని కూడా పెట్టాయి. అండమాన్ అడవి ఎప్పుడూ ఏనుగును చూడలేదు. చాలాకాలంగా అక్కడ నేల మీద తిరిగే పెద్ద జంతువంటే అడవి పందే. ఏనుగులు బెరడు ఒలిచాయి, మొగలి జాతి చెట్లనూ వెదురునూ తినేశాయి, నరకడం ఆగిన చోట కూడా అడవిని సర్దుకోనివ్వలేదు.

ఏనుగు పెద్దది కాబట్టి అందరికీ కనిపిస్తుంది. అసలు పెద్ద దెబ్బ కొట్టింది చుక్కల జింక. బ్రిటిష్ వాళ్లు 20వ శతాబ్దం మొదట్లో వేటకని భారతదేశం నుంచి తెచ్చి వదిలారు. అక్కడ పులి లేదు, చిరుత లేదు, తోడేలు లేదు. జింకకు ఈత కూడా వచ్చు, దీవి నుంచి దీవికి పోయింది. లిటిల్ అండమాన్ లాంటి కొన్ని చోట్లు తప్ప దాదాపు అంతటా పాకింది. జింక ఏం తింటుంది? మోకాలెత్తు మొలకలు. సరిగ్గా అడవికి ఒకటో తరగతి అన్నామే, అవి. రవూఫ్ అలీ అనే శాస్త్రవేత్త 2004లో ప్రచురించిన పరిశోధనలో, బయటి నుంచి తెచ్చిన ఈ జింకలూ ఏనుగులూ అక్కడి అడవిలో కొత్త మొక్కలు రాకుండా ఎలా చేస్తున్నాయో చూపించారు.

ఇందులో భయపడాల్సిన విషయం ఒకటుంది. జింకలు తిన్న అడవి చూడ్డానికి బాగానే ఉంటుంది. పైన కప్పు ఉంది, పెద్ద మానులున్నాయి, ఫొటో తీస్తే అందంగా వస్తుంది. కింద నేల మాత్రం శుభ్రంగా ఊడ్చినట్టు ఉంటుంది. నష్టం ఇప్పుడు కాదు, పైన ఉన్నవి వయసైపోయి పడిపోయినప్పుడు తెలుస్తుంది. తెలుగు మీడియం బడిలో చదివే మాకు ఇది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మా పదో తరగతిలో ఒక బెంచీకి నలుగురం కూర్చుంటాం. ఒకటో తరగతి గదిలో ఎన్ని బెంచీలు ఖాళీగా ఉన్నాయో వార్షికోత్సవానికి వచ్చే అతిథులు చూడరు.

1990ల చివరికి నరకడం మీద గొడవ కోర్టుకెక్కింది. లిటిల్ అండమాన్‌లో ఒంగేల రిజర్వులోనే చెట్లు కొట్టేస్తున్నారని పర్యావరణ సంస్థలు పిటిషన్ వేశాయి. సుప్రీంకోర్టు శేఖర్ సింగ్ కమిషన్ వేసింది. ఆయన దీవులు తిరిగి 2002 ఫిబ్రవరిలో రిపోర్టు ఇచ్చారు, మే 7న ఆర్డరు వచ్చింది. గిరిజన రిజర్వుల్లో, జాతీయ పార్కుల్లో నరకకూడదు. దీవుల నుంచి బయటికి కలప పంపకూడదు. స్థానికుల అవసరాలకు మాత్రం పరిమితంగా. ఒక్క ఆర్డరుతో మిల్లులు, ప్లైవుడ్ ఫ్యాక్టరీలు మూలపడ్డాయి, కూలీల పని పోయింది. అడవి బతికిందని సంతోషించే ముందు ఆ ఇళ్లలో పొయ్యి సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అక్కడే ఉండిపోయిన చిన్నతాత స్నేహితులు కొందరు ఆ ఏడాది నుంచి టూరిస్టుల వ్యాన్లు నడపడం నేర్చుకున్నారట.

పని పోయినవాళ్లలో రాజన్ అనే ఏనుగు కూడా ఉంది. దుంగలు లాగడానికి అండమాన్ తెచ్చిన ఈ ఏనుగు దీవుల మధ్య సముద్రంలో ఈదేది. నరకడం ఆగాక హావ్‌లాక్ దీవిలో టూరిస్టులు దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్లు, సినిమాలో కూడా కనిపించింది. 2016లో చనిపోయింది.

మరి చెట్లు మళ్లీ వచ్చాయా? ఒక్క మాటలో చెప్పలేం. ఏరి నరికిన ఉష్ణమండల అడవుల మీద వచ్చిన వందకు పైగా పరిశోధనలను కలిపి ఫ్రాన్సిస్ పుట్జ్, ఆయన తోటివాళ్లు 2012లో ఒక లెక్క తీశారు. ఒకసారి నరికిన అడవిలో 85 నుంచి 100 శాతం జాతులు మిగిలే ఉంటున్నాయి. చెట్లలో నిల్వ ఉండే కార్బన్‌లో 76 శాతం అలాగే ఉంటోంది. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. నరికిన అడవి అంటే చచ్చిన అడవి అనుకునేదాన్ని. అలా అనుకునే చాలా దేశాల్లో నరికిన అడవిని ఇక పనికిరాదని చెప్పి మొత్తం కొట్టేసి పామాయిల్ తోటలు వేశారు. లిటిల్ అండమాన్‌లో కూడా పామాయిల్ తోట వేశారు. ఏరి నరికిన అడవి కాలం ఇస్తే లేస్తుంది. పామాయిల్ తోట కింద పడిన అడవి లేవదు.

కానీ అదే లెక్కలో ఇంకో అంకె ఉంది. రెండోసారి నరకడానికి వెళ్లినప్పుడు దొరికిన కలప మొదటిసారి కంటే 46 శాతం తక్కువ. అంటే జాతులు ఉంటున్నాయి కానీ మహావృక్షాలు తిరిగి రావడం లేదు. మొదట నరికినవి వందల ఏళ్లు పెరిగినవి, అవి ఎవరూ పెట్టని పెట్టుబడి. ముప్పై నలభై ఏళ్లకు తిరిగొస్తే ఆ వడ్డీ రాదు. అడవి తిరిగొచ్చే వరస కూడా ఇలా ఉంటుంది: ఖాళీలు త్వరగా మూసుకుపోతాయి, కొద్ది ఏళ్లలోనే. ఎండను ఇష్టపడే మెత్తటి చెట్లు దూసుకొస్తాయి. దశాబ్దాలకు మొత్తం బరువు పుంజుకుంటుంది. నీడలో పెరిగే గట్టి చెట్లు, బోదె తొర్రల్లో పక్షులు గూడు పెట్టేంత ముసలి మానులు అందరికంటే చివర. అండమాన్‌లో పెద్ద ఎత్తున నరకడం ఆగి పాతికేళ్లు కూడా కాలేదు. బడి లెక్కలో చెప్పాలంటే ఇంకా ఒక్క తరగతి కూడా దాటలేదు.

కోలుకుందో లేదో చెప్పాలంటే నరకని అడవి పక్కన ఉండాలి, పోల్చి చూసుకోవడానికి. అండమాన్‌లో అలాంటిది ఉంది. దక్షిణ, మధ్య అండమాన్‌ల పడమటి వైపు, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న జారవా రిజర్వు. 1957లో కాగితం మీద రిజర్వు అని రాశారు. కానీ అంచుల్లో తప్ప లోపలి అడవి నిలబడింది కాగితం వల్ల కాదు. 1990ల చివరిదాకా జారవాలు బయటివాళ్లను రానివ్వలేదు, వస్తే బాణం వేసేవాళ్లు. నరికేవాళ్లు, రోడ్డు వేసేవాళ్లు, వేటగాళ్లు ఎంతోమంది ఆ బాణాలకు భయపడి ఆగిపోయారు. మా చిన్నతాత కూడా వాళ్లలో ఒకరే. "సాయంత్రం నాలుగైతే సాలు, మేస్త్రీ కేకేసీసీవోడు, అందరం ఒక్క కాడికి సేరిపోయీవోళ్లం" అన్నారు.

ఈ రోజు పడాక్, గుర్జన్ తల్లిచెట్లు, వాటి పిల్లలు, పావురాలు తినే పళ్ల చెట్లు అన్నీ ఒక్కచోట ఎలా ఉంటాయో శాస్త్రవేత్తలు తెలుసుకోవాలంటే ఆ అడవి వైపే చూడాలి. ఆ అడవిలోకి కూడా జింకలు ఎప్పుడో వెళ్లాయి. జారవాలు పందిని వేటాడతారు కానీ చాలాకాలం జింకను ముట్టుకోలేదు. వాళ్లకు అది కొత్త జంతువు.